కద్మాలో ఇంగిలీసు పొయ్యి

"అత్తా, కద్మాలో పబ్బు పెడతన్నాను, నువ్వొచ్చి వంట సెయ్యాల" అని అమర్‌గాడు అన్ననాడు నా సేతిలో ఉన్నది అట్లకాడే గాబట్టి బతికిపోనాడు. రోకలి గానీ ఉంటేనా.

ఆడు జంషెడ్‌పూరులో మా గోల్‌మురి లైన్లోనే పుట్టేడు. పుట్టిననాడు నీల్లు పోసింది నానే. అలాటి నన్ను పట్టుకుని సారాకొట్లో వంటకి రమ్మంటాడా? మా అయ్య తాగి తాగి పోనాడు. మా అమ్మ ఆ కొట్టు ఎదర రోడ్డు మీద నిలబడీది. లోపలికి ఎల్లకూడదు, బయట్నుంచి కేకెయ్యకూడదు, ఆయన తూలుకుంటూ వచ్చిందాకా అలాగే నిలబడాల. అదంతా ఆడికి మొకం మీదే సెప్పి, సిగ్గు నేదేటిరా అనీసి కడిగీసేను.

ఆడికి కోపం రానేదు. గుమ్మంలోనే సతికిలబడి ఫోను తీసేడు. ఈడు హోటలు సదువు సదివి, ఇంగ్లండు ఎల్లి, అక్కడొక పల్లెటూరి పబ్బులో ముందు గిన్నెలు తోమి, తరవాత కూరలు తరిగి, ఆకర్న వంటోడై తిరిగొచ్చేడు. "దేఖో నా అత్తా, ముందు సూడు, తరవాత తిట్టు" అనీసి ఒక్కో బొమ్మా జరిపేడు.

ఓలమ్మ, ఏటి సెప్పను. సారాకొట్టంటే నాకు తెలిసింది రేకుల షెడ్డు, బురద, బీడీ కంపు. ఇదేమో రాతి ఇల్లు. గోడ మీద తీగ పాకీసి నిండా పూలు. తలుపు ఎంత పొట్టిదంటే ఈడికి రోజూ నుదురు బొప్పి కట్టీదట. లోపల గచ్చు నల్లరాయి, గుమ్మం కాడ్నించి బల్ల కాడిదాకా పల్లంగా అరిగిపోయుంది. కడిగి కడిగి అరిగిందేటిరా అనడిగేను. కాదు, నడిసి నడిసి అరిగిందన్నాడు. నాలుగొందల ఏళ్ళ నుంచి మనుసులు అదే గుమ్మంలోంచి వచ్చి అదే బల్ల కాడికి నడుత్తన్నారట. నాకు ఒళ్ళు జలదరించింది. మా జంషెడ్‌పూరున్న సోట నూటిరవై ఏళ్ళ ముందు అడివి. ఆల్ల తిండికొట్టు మా ఊరికి ముత్తాత అన్నమాట.

ఎవరొత్తారురా అక్కడికి అంటే, అందరూ అన్నాడు. బూట్ల నిండా బురదతోటి రైతు వత్తాడట. సర్చి పాదిరిగారు వత్తారట. ముసలమ్మలు ఊలు అల్లుకుంటా కూకుంటారట, బల్ల కింద కుక్క పడుకుంటాదట. ఆదివారం మజ్జానం పిల్లాపాపల్తో వచ్చి, కాల్సిన మాంసం, బంగాళాదుంపలు, మీద ఇంత పులుసు లాటిది పోసుకుని తింటారట. ఆ రోజు ఏటి వొండేరో పలక మీద సుద్దతోటి రాసి పెడతారట. తాగినా, తాగకపోయినా ఎవరూ ఏటీ అనరట. వానలో తడిసొచ్చినోడు ముందు మంట కాడికి ఎల్తాడు, తరవాతే ఏటి కావాలో సెప్తాడు.

"మంటేటి?" అన్నాను.

అప్పుడు సూపించేడు ఆ బొమ్మ. గోడలోపలే పెద్ద గూడు, దాన్లో దుంగలు మండుతన్నాయి. సలికాలం మొదలెట్టి వసంతం వచ్చిందాకా ఆర్పరట. దాని మీద ఏటి వొండుతారురా అంటే, ఏటీ వొండరన్నాడు. మరెందుకు? ఊరికే, ఎదర కూకోడానికి.

ఇంట్లో అన్నం ఉడకాల, ఉక్కు కంపెనీలో ఇనుము కరగాల, మా ఊల్లో మంటన్నాది పని సెయ్యకుండా ఉండదు. సిన్నప్పుడు కంపెనీవోల్లు కరిగిన సిట్టెం పారబోత్తే ఆకాసం ఎర్రగా అయిపోయీది, మేం మేడెక్కి నోరెల్లబెట్టి సూసీవోల్లం, గానీ దాని దగ్గిరికి ఎవడెల్తాడు? పనీపాటా నేకుండా మంట ఉంటాదనీ, దాని సుట్టూ మనుసులు ఊరికే కూకుంటారనీ నా బతుకులో ఇన్నేదు. ఎంత గొప్ప మాటో అది.

అక్కడే నాకు మా ఆయన గుర్తొచ్చేడు.

మా ఆయన పేరు ధర్మరాజు. నా మేనమామ కొడుకు, నాకు బావ. ఇనుము కరిగించే ఫర్నేసుల్లోపల ఇటకలు కట్టే మేస్త్రీ. ఫర్నేసు సల్లారేక లోపలికి దిగి, పాత ఇటకంతా పగలగొట్టి, కొత్త ఇటక సుట్టూ పేరుత్తారు, దాన్ని లైనింగ్ అంటారు. అది కట్టిన మర్నాడో మూడోనాడో నిప్పు పెట్టీసి, ఇనుము పోసీసి మూసేత్తారు. ఆ ఇటకని మళ్ళీ సూసేది పగలగొట్టీ రోజునే. అంచేత ఆయన పని లోకంలో ఎవుడూ సూడ్నేదు. పెళ్ళయిన కాడ్నించి ఆయన సేతి ఇటక ఒక్కటి నాను కూడా సూడ్నేదు. ఆడోల్లని గేటు లోపలికి ఎవడు రానిత్తాడు?

రెండు సలికాలాల కిందట ఓ ఠేకేదారు, అంటే కంట్రాక్టరు, నీ సెయ్యి వణుకుతంది, ఇటకల మద్దిన జాయింటు లావుగా వత్తంది, ఇంక రాకు అనీసేడు. అంతే. ఆ రోజు వచ్చి మంచం మీద గోడవైపు తిరిగినోడు ఇటు తిరగనేదు. కూరెలాగుంది బావా అంటే ఊఁ. పక్కింటోల్ల పిల్లకి పెళ్ళట బావా అంటే ఊఁ. కంపెనీ సైరన్ మోగితే దిగ్గున లేసి కూకుని, సొక్కా కోసం సూసి, మళ్ళీ పడుకునీవోడు. నాతోటి దెబ్బలాడినా బాగుండును. గోడతోటి కాపరం ఎన్నాళ్ళని సేత్తాను? ఆయన మళ్ళీ మనుసుల్లో కూకుని నోరిప్పాల, నాకు కావలసింది అదొక్కటే. దేవుల్లకి మొక్కేను, డాక్టరుకి సూపించేను, ఏడిసేను. ఏదీ పనిసెయ్యనేదు.

"వంటకొత్తాను" అన్నాను అమర్‌తోటి. "గానీ ఆ పొయ్యి మీ మామే కట్టాల."

ఆడు కద్మాలో పాత ఇల్లొకటి అద్దెకి తీసుకున్నాడు. ముందు వరండా, లోపల పొడుగు గది. మే నెల్లో నీ మంట ఎదర ఎవడు కూకుంటాడురా అంటే, మే నెల్లో పొయ్యిలో పూలకుండీ పెడతానన్నాడు. దానికీ సిద్దంగా ఉన్నాడు ఎదవ. మందు లైసెన్సు ఇంకా రానేదు గాబట్టి ముందు తిండితోటి మొదలెడతానన్నాడు. మందు నేని సారాకొట్టన్నమాట. నాకు ఆ మాట బాగానే ఉంది.

మా ఆయన్ని తీసుకెల్లడానికి నాను పడ్డ అవస్త ఆ దేవుడికే తెలుసు. వచ్చి, గోడ సూసి, ఎనక్కి తిరిగిపోబోయేడు. అమర్ ఫోన్లో బొమ్మ సూపించబోతే సెయ్యి అడ్డం పెట్టీసేడు. ఫర్నేసులు కట్టినోడికి పొయ్యి కట్టడం నేర్పుతావేటి అన్నట్టు సూసేడు. ఆ సూపు నాకు నచ్చింది. పొగరైనా పరవానేదు, మంచమ్మీది ఊఁ కన్నా నయం.

మర్నాటి నుంచి సైరన్‌కి లేసినోడు మళ్ళీ పడుకోనేదు. సొక్కా తొడుక్కుని కద్మా ఎల్లిపోనాడు. తెల్లటి ఇటకలు తెప్పించేడు, దూది లాగ తేలిక. ఒక పక్క ఎర్రగా కాలుతున్నా ఇంకో పక్క సెయ్యెయ్యొచ్చట. లోతుగా, నోరు సిన్నగా, మీద పొగగొట్టం పొడుగ్గా కట్టేడు. సెయ్యి వణికేది నిజమే. వణికినప్పుడు ఆగి, మణికట్టు రెండో సేత్తో పట్టుకుని, అప్పుడు పెట్టీవోడు. మాట మట్టుకు ఇంకా ఊఁయే. గానీ రెండో ముద్ద అన్నం అడిగేడు ఒకనాడు, నాను వంటింట్లోకెల్లి కళ్ళు తుడుసుకున్నాను.

ఆ పక్కనే నాను అమర్ కాడ ఇంగిలీసు వంట నేర్సుకుంటన్నాను. మైదాపిండి డొప్పలో మటన్ కూరెట్టి, మీద పిండి మూత ఏసి కాలుత్తారు, దాన్ని పై అంటారు. మూత మధ్యలో సిన్న కన్నం పెట్టాల, లేపోతే పగిలిపోద్ది. ఇంకోటి పుడ్డింగట. పుడ్డింగంటే తీపనుకున్నాను, దాన్లో పంచదారే నేదు. గుడ్లూ పిండీ పాలూ కలిపి, సలసలకాగే నూనెలో పోసి అద్దం తలుపున్న ఓవెన్లో పెడితే బుడగ లాగ పొంగి లేత్తాది. అది పొంగుతుంటే అద్దంలోంచి సూత్తా నిలబడిపోనాను. ఇంత వొయసొచ్చేక కూడా కొత్తది సూసి నోరు తెరిసీ బాగ్యం ఎంతమందికుంటాదండీ.

జనవరిలో ఆదివారం పూట పబ్బు తెరిసేం. ఆయేడు సలి ఎముకల్లోకి దిగింది. సీతారామ్‌డేరా నుంచి, సోనారి నుంచి స్వెట్టర్లేసుకుని జనం వచ్చేరు. మా ఆయన ముందు మూడు రోజులు సన్నటి నిప్పే పెట్టి ఇటకని ఆరనిచ్చేడు. కొత్త లైనింగ్‌కి ఒకేసారి నిండు మంట పెట్టకూడదట. ఆ రోజు దుంగలేసి గాలి తగిలించీసరికి, నా తండ్రే, ఏటి మంటది! పొగన్నాది గదిలోకి పిసరు రానేదు. గొట్టంలోకి రయ్యిమని ఎక్కుతంది. ఇటకంతా తెల్లగా మెరుత్తంది. నా మొగుడి పని నాను సూసేను. నలుగురూ సూత్తండగా నా కళ్ళతోటి సూసేను.

జనం పై తింటన్నారు, పొటోలు తీసుకుంటన్నారు. ఒకరిద్దరు మంట కాడికి ఎల్లి అరసేతులు సాపేరు. ఇంకా దగ్గిరికి జరిగేరు. ఇంకా జరిగేరు. తరవాత శాలువలు కప్పుకుని వచ్చి బల్లల కాడ కూకున్నారు. ఏటో నాకు తోచనేదు. నాను వంటింటి వేడిలోంచి వత్తన్నాను గదా, నాకేటి తెలుత్తాది?

ఇంతలో ఒకామె, సిన్న బాబుని సంకలో ఏసుకుని, మంట ఎదర నించుని అమర్‌ని అడిగింది. "యే అస్లీ హై, యా టీవీవాలా?" నిజం మంటేనా, టీవీలో బొమ్మా అని. ఎటకారానికి అడగనేదు పాపం. ఆమెకి వేడి తగల్నేదు, అంతే.

మా ఆయన గోడ కాడ నిలబడున్నాడు. ఆ మాట ఇన్నాడు. వచ్చి తన సెయ్యి సాపేడు. సాపి, అలాగే సానా సేపు ఉన్నాడు. తరవాత సెప్పుల్లో కాల్లు పెట్టుకుని ఎల్లిపోనాడు.

నాను పని ఒగ్గీసి ఆటో కట్టించుకుని ఇంటికి ఉరికేను. మంచం మీద ఉన్నాడు, గోడవైపు తిరిగి. బావా అన్నాను. ఊఁ కూడా అన్నేదు. నా మీద నాకే అసయ్యం వేసింది. మానుతన్న పుండుని గీరి పెట్టినదాన్ని నానే గదా అనుకున్నాను. ఎందుకు తీసుకెల్లేనురా బగమంతుడా అనీసి గుమ్మంలో కూకుని మా అత్తనీ, ఠేకేదారునీ, ఇంగిలీసోల్లనీ అందర్నీ తిట్టేను.

తెల్లారి లేసి సూత్తే మంచం ఖాళీ. నా పై ప్రాణాలు పైనే పోనాయి. సుబర్ణరేఖ గుర్తొచ్చింది, రైలు పట్టాలు గుర్తొచ్చేయి, ఏవేవో గుర్తొచ్చేయి. సీర కొంగు బిగించుకుని లైనంతా తిరిగేను. అంతలో అమర్ ఫోను. అత్తా, జల్దీ ఆవో, మామ పొయ్యి పగలగొడతన్నాడు.

ఎల్లీసరికి మా ఆయన నడుందాకా పొయ్యిలోపలే ఉన్నాడు. సుత్తి పడతంది, తెల్లిటకలు రాల్తన్నాయి. అమర్ బతిమాల్తన్నాడు. సూడ్డానికి సక్కగా ఉంది మామా, ఒగ్గీ, బల్లల కింద కరెంటు హీటర్లెడతాను, ఎవరికీ తెలీదు అంటన్నాడు. ఆ హీటర్ల మాటకి మా ఆయన తల బయటికి పెట్టేడు. మొకం నిండా తెల్ల దుమ్ము, కళ్ళు రెండూ నిప్పులు.

"బతుకంతా వేడి బయటికి పోకుండా కట్టేనురా" అన్నాడు. "బయటికి ఇమ్మని నన్నెవుడూ అడగనేదు. ఇప్పుడు నువ్వడిగేవు. హీటరెట్టేవంటే కాల్లిరగ్గొడతాను."

రెండేళ్ళకి నా మొగుడి నోట్లోంచి నిండు మాట ఊడిపడింది. అదీ తిట్టు. నాను అక్కడే ఇటక కుప్ప మీద కూలబడి ఏడిసేను, నవ్వేను, రెండూ ఒకేసారి అయ్యేయి. ఆయన నన్ను సూసి, ఏటే ఆ గోల, టీ తే అన్నాడు. తెచ్చేను. పరుగెత్తుకెల్లి తెచ్చేను.

అప్పుడడిగేడు ఫోన్లో బొమ్మ. ఏల్లతోటి పెద్దది సేసి సేసి సూసేడు. ఇంగిలీసోల్ల పొయ్యి లోతు ఉండదు. పక్క గోడలు రెండూ బయటికి తెరుసుకుని ఉంటాయి, ఎనక గోడ మీదకొచ్చీసరికి ముందుకి వాలుతాది. తగిలిన వేడినంతా గదిలోకి ఇసిరేత్తాది. సూసి సూసి తల ఊపేడు. "ఏ మహానుబావుడు కట్టేడో" అన్నాడు. తన పనిలో ఇంకోడికి దండం పెట్టగా అదే సూడ్డం నాను. తన ఇద్దెంతా ఒక పక్కనెట్టి, కుర్ర మేస్త్రీ లాగ సుద్దతోటి గచ్చు మీద గీసుకుని మొదలెట్టేడు. ఈసారి మామూలు ఎర్రిటక. జాయింట్లు లావుగానే వచ్చేయి. అవి సూసి కూడా సెయ్యి ఆపనేదు.

మళ్ళీ మూడు రోజులు సన్న నిప్పు. నాలుగోనాడు సాయంత్రం పూట దుంగలేసేడు. అప్పుడు పబ్బులో ఉన్నది మేం ముగ్గురం, అమర్ పెళ్ళాం యోగిత. మంట అంత రయ్యిమనలేదు. మెల్లిగా అంటుకుని, మెల్లిగా ఎర్రబడి, ఇంతలో ఓ ఎచ్చటి గాలి లేసి నా మొకానికి తగిలింది. ఎల్లి ఆ సివరి బల్ల కాడ నించున్నాను. అక్కడా తగిలింది. వరండా గుమ్మంలో నించున్నాను, అక్కడా సన్నగా తగిలింది. కుండ నేదు, కూర నేదు, ఇనుము నేదు. ఊరికే ఇత్తంది. దండమెట్టాలనిపించి పెట్టీసేను. యోగిత నవ్వింది, నవ్వనీ.

ఆ సాయంత్రమే ఒకాయన వచ్చేడు. పొడుగు కోటు, తలకి మఫ్లరు. పేరు గోవిందరావట, టాటానగర్‌లో రైల్వే గార్డు సేసి రిటైరయ్యేడట, మనవోడే, పలాస పక్కోల్లు. ఒక్కడే వచ్చేడు. పై కావాలని సెప్పి, తిన్నగా మంట కాడికి ఎల్లి అరసేతులు సాపి, "అబ్బ" అనీసి అక్కడే కుర్చీలో కూకున్నాడు. ఆ అబ్బ ఇన్నాక మా ఆయన ఓ మోడా పీట లాక్కుని ఆయన పక్కన కూకున్నాడు.

నాను వంటింటి కిటికీలోంచి ఇంటన్నాను. ముందు సలి గురించి. తరవాత గూడ్సు బళ్ళ గురించి. ఆకరి డబ్బాలో ఒక్కడే రాత్రిళ్ళు కూకుని ఆ సీకట్లు సూసిన సంగతి గోవిందరావు సెప్పేడు. మా ఆయన ఫర్నేసు లోపలెలా ఉంటాదో సెప్పడం మొదలెట్టేడు. కట్టడం అయిపోయి, ఇంకా నిప్పెట్టకముందు, లోపల తెల్లగా, గుండ్రంగా, గుడి లాగ ఉంటాదట. మాట మెల్లిగా అన్నా సుట్టూ తిరిగొత్తాదట. నోరు తెరుసుకుని నిలబడిపోతాడట ప్రతీసారీ. నాను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోనాను. ఈ మనిసేనా, ఊఁ అన్న మనిసేనా.

అప్పుడు గోవిందరావు, మరి భయమెయ్యదా లోపల అని అడిగేడు.

"ఏత్తాది. అందుకే మా గ్యాంగులో ఓ ఆచారం ఉంది" అన్నాడు మా ఆయన. "ఆకరి ఇటక పెట్టినోడు బయటికి వచ్చే ముందు లోపల నించుని ఒక్క పేరు పిలవాల. అయ్యప్పని పిలిసీవోల్లున్నారు, దుర్గమ్మని పిలిసీవోల్లున్నారు. పేరు తిరిగొత్తే లైనింగ్ గట్టిగా ఉన్నట్టు, మనిసి కూడా తిరిగొత్తాడు."

"నువ్వేటి పిలిసీవోడివి?"

మా ఆయన మంటలో దుంగ సరిసేడు. "మా ఇంటిది. చిలకా అనీవోన్ని. నాలుగు పక్కల్నించీ వచ్చీది."

ఏ ఫర్నేసు కట్టినా, ప్రతీసారీ, నా పేరే పిలిసేడట. ఆ పేరు మీదే నిప్పెట్టి ఇనుము పోసీవోరట. నాకు తెలీదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి నాతోటి అనలేదు. ఎవరో గార్డుకి, పేరు తెలిసి గంట కానోడికి సెప్పేడు.

పై పళ్ళెం తీసుకుని బయటికి వచ్చి, గోవిందరావు ఎదర టక్కున ఎట్టేను. నా కోపమో ఏడుపో నాకే తెలీదు. మా ఆయన నా మొకం సూసి, నాను ఇన్నానని కనిపెట్టీసేడు. సెవులు ఎర్రగా అయిపోనాయి.

"ఇన్నేళ్ళూ నాకెందుకు సెప్పనేదు?" అన్నాను.

"ఇలాటియి ఇంట్లో ఎలాగ సెప్తారే?" అన్నాడు.

గోవిందరావు నాకు సోటిత్తా తన కుర్చీ కొంచెం జరిపేడు. వంటింటి ఓవెన్లో ఇంకో పై ఉంది, మాడుతన్న వాసన వత్తంది. అమర్ సూసుకుంటాడులే అనీసి, మా ఆయన పక్కన మంటెదర కూకున్నాను.